మూడు రాడ్ల బండి

మా మనవడు పికప్ కొన్నాడు. ఏ కంపెనీదో రాయొద్దని ముందే ఒట్టు వేయించుకున్నాడు. తాత నోరు ఎట్లాంటిదో వాడికి తెలుసు. ముందు నుంచి చూస్తే లారీ అంత మూతి, లోపలికెక్కితే ఫంక్షన్ హాలు. పాశమైలారంలో ఫ్యాక్టరీ షెడ్లకు రేకులూ పైపులూ చేరవేసే వ్యాపారం వాడిది. దానికి నాలుగు చక్రాలూ లాగే బండి ఎందుకురా అంటే "ఉండాలె తాతా" అన్నాడు. ఉండాలట! మా పెళ్లికి మామగారు సైకిల్ పెడతానంటే, కాళ్లున్నాయి కదా ఎందుకులెమ్మన్న వంశం మాది. అన్నది మా నాయన. నేను ఆ సైకిల్ కోసం వారం రోజులు అలిగాను, అది వేరే సంగతి.

బండి తెచ్చిన నాడే నన్ను పక్క సీట్లో కూచోబెట్టుకుని ముత్తంగి దాకా తీసుకుపోయాడు. సర్వీస్ రోడ్డు దాటి మట్టితోవలోకి దిగాక, గేర్ రాడ్ వెనకాల ఉన్న గుండ్రటి బిళ్లను రెండు వేళ్లతో టిక్కుమనిపించాడు. మీటర్ల నడుమ చిన్న దీపం వెలిగింది.

"అయిపోయింది తాతా."

"ఏమైపోయింది?"

"ఫోర్ వీల్ పడ్డది."

ఒళ్లంతా చెవులు చేసుకుని కూచున్నాను. కింద ఏదీ పలకలేదు. సీటు అదరలేదు. గోడ మీద రెగ్యులేటర్ తిప్పితే ఫ్యానైనా గాలి మారుస్తుంది, ఇక్కడ అదీ లేదు. నాలుగు చక్రాలకూ బలం పోతోందని ఒక దీపం చెబుతుంది, నువ్వు నమ్మాలి. దీపం చూసి దండం పెట్టడానికి ఇదేమన్నా కార్తీక పున్నమా?

మా రోజుల్లో బండే చెప్పేది. చేతికి చెప్పేది, కాలికి చెప్పేది, నడుముకైతే రాత్రి పడుకున్నాక కూడా చెబుతూనే ఉండేది.

పాత విల్లీస్ జీపును నువ్వు పెళ్లి ఊరేగింపులో పూలదండలు వేసుకుని ఉండగా చూసి ఉంటావు. మహీంద్రా వాళ్లు స్వాతంత్య్రం వచ్చిన కొత్తల్లోనే దాన్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ జీపు నేల లోంచి మూడు రాడ్లు మొలుచుకొచ్చి ఉండేవి. పెద్దది మామూలు గేర్లది, మూడు ముందుకు, ఒకటి వెనక్కి. పక్కన రెండు పిల్ల రాడ్లు. ఒకటి వేస్తే ముందు చక్రాలు కలిసేవి. రెండోది వేస్తే లో పడేది. ఇంజన్ అదే ఊపులో తిరుగుతున్నా చక్రం దాదాపు రెండున్నర రెట్లు నిదానమయ్యేది, లాగే బలం అంతకంత పెరిగేది. ముందు చక్రాలు కలపకుండా లో వేద్దామంటే రాడ్ కదిలేది కాదు. ఆ బలమంతా వెనక హౌసింగ్ ఒక్కదాని మీద పడితే లోపల క్రౌన్ పళ్లు రాలిపోతాయని అట్లా అడ్డం పెట్టారు. అంటే డ్రైవర్ బుర్ర మీద కంపెనీ వాడికి అప్పుడూ పెద్ద నమ్మకం లేదన్నమాట. సరే, ఆ ముక్క ఒప్పుకుంటాను.

నేను పటాన్‌చెరులో మెకానిక్ షెడ్డులో చేరింది 1974లో. పదహారేళ్లు. ఇక్రిశాట్ వచ్చి రెండేళ్లయింది, బీహెచ్‌ఈఎల్ అప్పటికే ఉంది, ఇస్నాపూర్ దాటితే రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలు. ఇప్పుడు అరవై ఐదు నంబరు అంటున్నారే, ఆ హైవేను అప్పుడు తొమ్మిదో నంబరు అనేవాళ్లం, బొంబాయి రోడ్డు అనేవాళ్లం. ఎదురుగా లారీ వస్తే ఒకడు మట్టిలోకి దిగాల్సిందే. ఎవడు దిగాలన్నది మీసాలను బట్టి తేలేది.

మా షెడ్డుకు మిలిటరీ వేలంలో కొన్న బండ్లు వచ్చేవి. శక్తిమాన్ పేరు విన్నావా? టీవీలో గిరగిరా తిరిగినాయన కాదు. జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో జబల్‌పూర్‌లో సైన్యం కోసం చేసిన లారీ. నాలుగు చక్రాలూ లాగేది. దాని అన్నదమ్ముడు నిస్సాన్ వన్ టన్నర్, అదీ జబల్‌పూర్‌దే. సైన్యం వాడుకుని వదిలేసిన వాటిని వేలంలో పట్టుకొచ్చి, వెనకాల ఇనుప దూలమూ గొలుసూ బిగించి, పడిపోయిన లారీలను లేపే క్రేన్లు చేసేవాళ్లు. ముసలి సిపాయిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టుకున్నట్టు. కానీ ఆ సిపాయి లేచి నిలబడితే చూడాలి! లోడు లారీ వాగులో పడి ఉంటే, ఇది లో లో నిలబడి, ఒక్క గుటక మింగి, ఇంచు ఇంచు చొప్పున లాగేది. క్యాబిన్‌లో కూచున్నవాడి పళ్లు టకటక కొట్టుకునేవి.

మా ఉస్తాద్‌కు మాటలు తక్కువ, చెయ్యి ఎక్కువ. చేరిన రెండో ఏడు ఒక పొద్దున నన్ను జీపులో కూచోబెట్టి, ఫ్యాక్టరీ గోదాము ముందున్న తారు మైదానంలో గుండ్రంగా తిప్పమన్నాడు. తిప్పాను. వెన్న. "ఇప్పుడు ముంగటియి కలుపు" అన్నాడు. చిన్న రాడ్ లాగితే కింద ఖటక్‌మంది. మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి సగం సుట్టు తిరిగేసరికి స్టీరింగ్ బిగుసుకుంది. ఎవరో చక్రాన్ని అవతలి నుంచి పట్టుకున్నట్టు. బండి ఆగి ఆగి, ముక్కి ముక్కి కదులుతోంది, టైర్లు కుయ్యో అంటున్నాయి. నేను ఇంకాస్త రేసు ఇచ్చాను. అంతే, వెనక నుంచి తలకాయ మీద ఒక్కటి పడింది.

"బండి ఏడుస్తుంది, ఇనపడ్తలేదారా?"

ఎందుకేడుస్తుందో ఉస్తాద్ చెప్పలేదు, ఆయనకు చెప్పడం రాదు. నాకు అర్థమైంది ఆ కార్తీకంలో మా ఊరి కల్లంలో. పశువుల బంతి కట్టి వరి తొక్కించేది నువ్వు చూడలేదు, హార్వెస్టర్ పుట్టాక పుట్టావు. వరసగా ఎడ్లను కట్టి గుంజ చుట్టూ తిప్పుతారు. గుంజ పక్కనున్న ముసలెద్దు ఉన్నచోటే అడుగులేస్తుంటుంది, చివరనున్న కోడె అదే సుట్టుకు ఉరుకులాడాలి. బండి మలుపు తిరిగినా అంతే. ముందు చక్రాలు పెద్ద సుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న సుట్టు. రెంటినీ ఒకే ఇరుసు కింద కట్టి ఒకే లెక్కన తిరగమంటే ఎట్లా తిరుగుతాయి? మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు జారనియ్యదు. ఆ తేడా పోయి పోయి గేర్ పెట్టెలో, షాఫ్టుల్లో మెలితిరిగి కూచుంటుంది, తడిబట్ట పిండినట్టు. అట్లా పిండిన తర్వాత రాడ్ వెనక్కి తీద్దామంటే రాదు. పానా పెట్టి కొట్టినా రాదు. నాలుగు గజాలు రివర్స్ పోనిచ్చావా, మెలి విడిపోయి, రాడ్ దానంతటదే చేతిలో మెత్తబడుతుంది. ఈ విద్య నాకు ఒక దెబ్బకు వచ్చింది. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో వేలు కట్టినా చెప్పరు.

రెండు చక్రాల మీద బండి వెనక నుంచి నెడుతుంది. బురదలో అయితే తోక ఊపుతుంది, కొత్త కోడలు నడిచినట్టు ఎటో చూస్తూ ఎటో పోతుంది. ముందువి కలిపితే ముక్కు బరువెక్కుతుంది. నువ్వు తిప్పిన మాట కాస్త ఆలస్యంగా వింటుంది, తిప్పిన స్టీరింగ్ తిన్నగా అవుదామని చూస్తుంది, కానీ ఎవరో మెడపట్టి ముందుకు తీసుకుపోతున్నట్టు పోతుంది. లో వేస్తే అదింకో లోకం. ఇంజన్ అరుపు ఆకాశానికి, బండి నడక చీమకు. రేసు మీద బొటనవేలు ఆనిస్తే ఉలిక్కిపడుతుంది. కళ్లకు గంత కట్టి కూచోబెట్టినా, ఏ రాడ్ ఎక్కడుందో చెప్పేవాణ్ని నేను. మా మనవడు దీపం చూసి చెబుతాడు. దీపం ఫ్యూజు పోతే వాడు ఏ గేర్లో ఉన్నాడో వాడికే తెలియదు.

ఇక నేల సంగతి. మీరు స్క్రీన్ మీద "బురద" అని ఒక బొమ్మ పెట్టుకుంటారు. ఏ బురద? మన దగ్గర బురద ఒకటా? ఇక్రిశాట్ వాళ్లు పటాన్‌చెరునే ఎంచుకోవడానికి ఒక కారణం, ఎర్ర నేలా నల్ల నేలా ఒకే కంచెలో దొరకడం. పెద్ద పెద్ద సైంటిస్టులు ఆ రెంటినీ పట్టుకుని ఇన్నేళ్లుగా చదువుతూనే ఉన్నారు, ఇంకా అయిపోలేదు. మాకు మాత్రం ఒక్క వానకు తెలిసిపోయేది. ఎర్రనేల నీళ్లు తాగి గంటలో నిలబడనిస్తుంది. రేగడి అట్లా కాదు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి, వాన పడగానే ఉబ్బుతుంది. అరంగుళం తడిస్తే సబ్బు, జానెడు తడిస్తే జిగురు. టైరు గాళ్లల్లో దూరి, పొర మీద పొర ఎక్కి, పది గజాల్లో చక్రం గుమ్మడికాయ అవుతుంది. పళ్లు లేని నోరు, ఇంక దేన్ని కరుస్తుంది? మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు. అప్పుడు దిగి, కొడవలి మొనతో గీకాలి. పావుగంట గీకి, పది గజాలు పోయి, మళ్లీ గీకాలి. అట్లా ఒక రోజంతా అందోలు నుంచి మూడు మైళ్లు పోయాం. ఆ రోజు ఎంత బాగుందో! లేదు, బాగాలేదు. ఆకలేసింది. కానీ ఇప్పుడు తలుచుకుంటే బాగుంది.

సింగూరు కట్టేప్పటి మాట ఇది, ఎనభైల్లో. అప్పటికి నేను షెడ్డు వదిలి, ఒక మట్టిపని కాంట్రాక్టర్ దగ్గర జీపు డ్రైవర్‌గా కుదిరాను. జిల్లా పేరు మెదక్, కచేరీలన్నీ సంగారెడ్డిలో. సంగారెడ్డి జిల్లా అని బోర్డు పడింది 2016లో కదా, దానికోసం మేము ముప్పై ఏళ్లు ముందే అక్కడ వెయిటింగ్. ఒక ఇంజనీరు సారుండేవాడు, బక్కపలచటి మనిషి, కళ్లజోడు తుడుచుకోవడమే ఆయన పని. శ్రావణంలో ఒక రాత్రి మంజీర ఒడ్డు నుంచి తిరిగొస్తుంటే రేగడిలో దిగబడ్డాం. సారు కంగారుపడ్డాడు. నేను మాత్రం చొక్కా చేతులు మడిచి, "మీరు కూచోండి సార్, ఫోర్ వీల్ బండి ఇది" అని ఒక రాడ్ లాగాను, ఇంకో రాడ్ వేశాను, ఖటక్ ఖటక్. రేసు ఇచ్చాను. వెనక చక్రాలు మట్టిని తీసి వెనక్కి విసురుతున్నాయి. బండి ముందుకు కాదు, కిందికి పోతోంది.

"ముంగట ఏమన్నా తిరుగుతున్నదా?" అన్నాడు సారు.

తిరగడం లేదు. ఎందుకు తిరగడం లేదో నాకు అప్పటికే వెన్నులో చలి పెట్టి తెలిసింది. ఆ జీపుకు పెట్రోలు మిగులుతుందని కాంట్రాక్టర్ ముందు చక్రాలకు హబ్ లాకులు పెట్టించాడు. మామూలు రోడ్డు మీద హబ్బు వదిలేస్తే ముందు షాఫ్టులు ఊరికే తిరగకుండా పడుంటాయి. ఫోర్ వీల్ కావాలంటే ముందే దిగి, చక్రం నడిమధ్యనున్న బిళ్లను చేత్తో తిప్పి బిగించాలి. పొద్దున గట్టినేల మీద బిగించాల్సిన మనిషి, అంటే నేను, బీడీ తాగుతూ మరిచిపోయాను. పైగా లో వేసి ఆ బలమంతా వెనక హౌసింగ్ మీదికే తోలుతున్నాను. ఏది జరగకూడదని కంపెనీ వాడు అడ్డం పెట్టాడో, హబ్బు రూపంలో దొడ్డితోవన అదే చేశాను. క్రౌన్ ఆ రాత్రి ఎందుకు విరగలేదో ఆ ఏడుపాయల దుర్గమ్మకే తెలియాలి.

దిగాను. మోకాలు దాకా మునిగాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది, ఇప్పటికీ సింగూరు నీళ్ల కింద ఎక్కడో ఉంటుంది. హైదరాబాదు వాళ్లు ఆ నీళ్లే తాగారు పాపం. చీకట్లో చక్రం ఎక్కడుందో కనపడదు, మట్టిముద్దలో చెయ్యి పెట్టి తడిమాను. బిళ్ల దొరికింది, వేళ్లు జారుతున్నాయి. తలగుడ్డ విప్పి, దాన్ని చుట్టి, పళ్ల బిగువున తిప్పితే గిర్రుమని తిరిగి టక్కున పడింది. రెండో వైపు సారే దిగి తిప్పాడు, కళ్లజోడు నాలుక మీద పెట్టుకున్నట్టు పళ్లతో కరిచిపట్టుకుని. ఆ తర్వాత లో లో ఫస్ట్ వేసి, రేసు ఇవ్వకుండా క్లచ్ మెల్లగా వదిలితే, ముందు చక్రాలు మట్టిని గోళ్లతో పట్టుకుని ఎక్కినట్టు ఎక్కాయి. ఆ పట్టు స్టీరింగ్ లోంచి మోచేతుల దాకా వచ్చింది. ఆ సుఖం ఏ బిళ్ల తిప్పితే వస్తుంది నాయనా?

మనవడికి ఈ కథ చెబితే "నీకు ఆటోమేటిక్ హబ్ ఉంటే చెప్పు మిగిలేది కదా తాతా" అన్నాడు. ఈ తరానికి కథలు చెప్పకూడదు.

ఇంకో రహస్యం చెబుతాను, ఎవరికీ చెప్పకు. నాలుగు చక్రాలూ లాగుతాయని గొప్పగా అంటారు కానీ ఆ మాటలో సగం అబద్ధం. హౌసింగ్ లోపలి డిఫరెన్షియల్ ఉందే, దాని బుద్ధి మంచిది కాదు. రెండు చక్రాల్లో ఏది గాల్లో తేలుతుందో, ఏది జారుతుందో, తిరుగుడంతా దానికే ఇస్తుంది. కష్టపడే కొడుకును వదిలేసి, ఊరికే తిరిగే కొడుక్కే నెయ్యి పోసే తల్లిలాగా. ముందొక చక్రం గుంతలో, వెనకొక చక్రం గుంతలో అడ్డంగా తేలిందంటే ఆ రెండే గిరగిర తిరుగుతాయి, నేల మీదున్న రెండూ చేతులు కట్టుకుని చూస్తాయి. నీ ఫోర్ వీల్ అక్కడ సున్నా. దానికి మా ఉస్తాద్ మందు ఒకటే: రేసు ఇస్తూనే ఎడమ కాలితో బ్రేకు జరంత ఒత్తడం. ఊరికే తిరిగేదానికి కాస్త ముక్కుతాడు పడుతుంది, బలం రెండోదానికి మళ్లుతుంది. ఎంత ఒత్తాలన్నది చెప్పి నేర్పేది కాదు. ఎక్కువైతే ఇంజన్ ఆగుతుంది, తక్కువైతే గుంత లోతవుతుంది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోందట. ఏ చక్రం జారుతుందో కనిపెట్టి ఆ ఒక్కదానికే బ్రేకు వేస్తుంది, కింద గర్‌ర్ గర్‌ర్‌మని సప్పుడొస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ అని పేరు పెట్టారు. మా ఉస్తాద్ ఎడమ కాలిని ఎత్తుకుపోయి ఇంగ్లీషు పేరు పెట్టారన్నమాట! ఆయనకు నాలుగు చక్రాలకు కలిపి ఒకటే పెడలుండేది, దీనికి వేటికవే ఉన్నాయి, నిజమే. ఆయనకన్నా బాగా చేస్తుందని మనవడంటాడు. చేస్తుందేమో. కానీ చాయ్ తాగుతూ తిట్టదు కదా.

కట్ట దిగడం కూడా అంతే. సింగూరు మట్టికట్ట మీద నుంచి నిటారుగా దిగాలంటే, పైనే ఆపి, లో లో ఫస్ట్ వేసి, రెండు కాళ్లూ అన్నిటి మీద నుంచీ తీసెయ్యాలి. బ్రేకు ముట్టరాదు, క్లచ్ అస్సలు ముట్టరాదు. ఇంజనే బండిని పట్టుకుని దించుతుంది. మొదటిసారి దిగేప్పుడు కాళ్లు ఊరుకుంటాయా? "గుళ్లె కూసున్నట్టు కూసో" అనేవాడు ఉస్తాద్, ఆయన నమాజు మనిషి. ఇప్పుడు దానికీ ఒక బటన్. నొక్కితే బండి దానంతటదే దిగుతుందట. భయపడే అవకాశం కూడా తీసేశారు.

నేనేదో కొత్తవాటిని చూడని బావిలో కప్పనని అనుకోకు. మన జిల్లాలోనే బండ్లు పుట్టాయి. జహీరాబాద్‌లో ఎనభైల్లో ఆల్విన్ నిస్సాన్ అని చిన్న లారీలు చేసేవాళ్లు, ఫ్రిజ్‌లు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్లే. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి పోయింది. 2013 నుంచి అక్కడ ట్రాక్టర్లు వస్తున్నాయి. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి 1984లో ఇందిరమ్మ పునాది వేసింది, మన మెదక్ ఎంపీగా ఉన్నప్పుడే. అక్కడ సైన్యానికి చేసే బీఎంపీ బండ్లకు చక్రాలే లేవు, గొలుసుపట్టాలు. ఒక పట్టా ఆపి ఇంకోటి తిప్పితే ఉన్నచోటే మలుగుతుంది. దాన్ని చూసినప్పుడల్లా రేగడికి సరైన మొగుడు ఇదే అనుకునేవాణ్ని. కొనిస్తారా అంటే కొనియ్యరు.

పికప్‌లంటావా, చిత్తూరు వైపు శ్రీసిటీలో 2016లో ఇసుజు వాళ్లు ఫ్యాక్టరీ తెరిచారు, వీ-క్రాస్ అక్కడిదే. దానిలోనూ బిళ్లే: టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. మూడే మాటలు, అక్కడికి మర్యాదస్తుడు. మనవడి దోస్తు దగ్గర స్కార్పియో-ఎన్ ఉంది. అందులో నేలలకే పేర్లు పెట్టారు. మామూలు రోడ్డు అట. బురద, గాళ్లు అట. ఇసుక అట. ఇంకోటి గడ్డి, కంకర, మంచు.

"మంచెక్కడిదిరా సంగారెడ్డిలో?" అన్నాను.

"సదాశివపేటలో చలి మస్తుంటది కదా తాతా" అన్నాడు ఆ దోస్తు. వాడు నాకు నచ్చాడు.

వాడే ఓపిగ్గా చెప్పాడు. మంచులో పెడితే రేసు ఎంత తొక్కినా ఇంజన్ మెల్లగానే అందుకుంటుందట, చక్రం జారకుండా. బురదలో పెడితే చక్రాన్ని కాస్త తిరగనిస్తుందట, గాళ్లలో మట్టి ఎగిరిపోవాలని. ఇసుకలో ఊపు తగ్గనివ్వదట. నేను విని ఊరుకున్నాను. ఊరుకోక ఏం చేస్తాను, వాడు చెప్పిందంతా మా ఉస్తాద్ నా తలకాయ మీద ఒక్కొక్కటిగా వేసిందే. అరంగుళం తడిసిన రేగడి మీద కోడిగుడ్డు మీద కాలేసినట్టు రేసు ఇవ్వాలి, అది మీ మంచు. జానెడు బురదలో మధ్య మధ్య ఒక్క విసురు ఇచ్చి టైరు దులపాలి, అది మీ మడ్డు. మంజీర ఇసుకలో ఆగావా చచ్చావు, అది మీ సాండు. ఉన్న విద్యనంతా ముక్కలు కోసి, బొమ్మలు గీసి, పిల్లల బలపాల డబ్బాలా అమ్ముతున్నారు. అయితే ఒకటుంది. నా దెబ్బలకు ఆరేళ్లు పట్టింది. వాడికి షోరూములో పది నిమిషాలు.

మొన్న ఆషాఢంలో పెద్ద వాన పడ్డ రాత్రి నారాయణఖేడ్ నుంచి వస్తున్నాం, చావు పలకరింపుకు పోయి. జోగిపేట రోడ్డు ఇప్పుడు నాందేడ్, అకోలా దాకా పోయే పెద్ద హైవే, నూట అరవై ఒకటో నంబరు. దాని మీద పనేం లేదు. కానీ ఊళ్లోంచి హైవే దాకా మూడు కిలోమీటర్లు అచ్చమైన రేగడి. నేను సీట్లో నిటారుగా కూచున్నాను. ఎప్పుడు టూ లోంచి ఫోర్‌లోకి మారాలో, ఎక్కడ ఊపు అందుకోవాలో, అన్నీ చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, మనవడు భుజం తట్టి "సంగారెడ్డి వచ్చింది తాతా" అంటున్నాడు. ఆ మూడు కిలోమీటర్లూ గురక పెట్టానట. అదే చెబుతున్నా నేను! మనిషిని మెలకువతో ఉంచలేని బండి ఒక బండేనా?

పోయిన ఆదివారం మాత్రం నాకో అవకాశం వచ్చింది. కంది దాటాక ఒక ప్లాట్ల వెంచర్‌లో, నడుమ వెడల్పాటి తారు రోడ్డు, చుట్టూ ఇళ్లేమీ లేవు, గేటు మాత్రం తిరుమల గాలిగోపురమంత. "ఒక్క సుట్టు నేను తోల్తా" అన్నాను. వాడి మొహం చూడాలి. అయినా దిగి, సీటు సర్ది, బెల్టు తనే పెట్టాడు. కాసేపు బుద్ధిగా తోలాను. వాడు ఫోన్ చూసుకుంటుండగా బిళ్లను ఫోర్ హైకి తిప్పి, స్టీరింగ్ పూర్తిగా మలిపి, ఆ తారు మీద గుండ్రంగా పోనిచ్చాను.

సగం సుట్టుకు వచ్చింది. ముందు చేతుల్లోకి వచ్చింది, తర్వాత సీట్లోకి. చక్రం బిగుసుకుంది, బండి ముక్కింది, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు ఆగి, మళ్లీ కదిలి, టైరు కుయ్యోమంది. అదే! యాభై ఏళ్ల కింద గోదాము ముందు విన్న ఏడుపే! బిళ్ల కింద, దీపం కింద, ఆ మెత్తటి సీట్ల కింద ఇంకా అదే పాత ఇనుము, అవే మొండి పళ్లు, అదే బంతికట్టు. దాచిపెట్టారంతే.

"ఉన్నదిరా! ఇంకా ఉన్నది!" అని అరిచాను.

"తాతా, ఆపు! తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌ల తిప్పొద్దు, మాన్యువల్‌ల రాసున్నది!"

ఉస్తాద్ దెబ్బ పుస్తకంలోకి ఎక్కిందన్నమాట. నేను ఆపాను. వాడు బిళ్లను టూ హైకి తిప్పాడు. దీపం ఆరలేదు, కొట్టుకుంటోంది. మళ్లీ తిప్పాడు. కొట్టుకుంటూనే ఉంది. వాడి చెమట చూసి నాకు జాలేసింది, జాలి కన్నా ముందు సంతోషమే వేసింది. షోరూముకు ఫోన్ చేస్తానన్నాడు. ఆదివారం ఎవడెత్తుతాడు?

"రివర్స్ వెయ్యి" అన్నాను.

"ఎందుకు?"

"వెయ్యిరా. స్టీరింగ్ తిన్నగ పెట్టి నాలుగు గజాలు ఎనకకు పో."

పోయాడు. కింద ఎక్కడో చిన్నగా టక్‌మంది. దీపం ఆరిపోయింది.

వాడు నా వైపు చూసిన చూపు కోసం నేను ఇంకో చెప్పు పోగొట్టుకోవడానికైనా సిద్ధమే. "నీకెట్ల తెలుసు తాతా?" అన్నాడు. జవాబు చెప్పకుండా, ఉస్తాద్‌లాగే, బీడీ లేకపోయినా ఉన్నట్టే చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, హుందాగా దిగాను. దిగి, ముందు చక్రం దగ్గరికి పోయి, నడుము వంచి, పాత అలవాటున హబ్బు విడిచిందో లేదో చూద్దామని నడిమి బిళ్లను పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాను.

చేతిలోకి ఊడి వచ్చింది.

"అది తిప్పేది కాదు తాతా, మూత" అన్నాడు మనవడు. "ఆన్‌లైన్‌ల నాలుగు కలిపే అమ్ముతరు."